అరుగు మీది ఫోన్

అరవ సీమలో ఏరియూరు నుంచి ధర్మపురికి పొద్దున్నే బస్సెక్కే వాళ్లలో యోగలక్ష్మిని గుర్తుపట్టడం సులువు. ఒళ్లో టిఫిన్ డబ్బా, దాని కింద ల్యాప్‌టాప్ సంచి, పెన్నాగరం రాకముందే నిద్ర. ఆమె ఏం పని చేస్తుందో ఊళ్లో ఎవరికీ సరిగా తెలియదు. "కంప్యూటరులో ఏమో చేస్తుంది" అని తల్లి హొన్నమ్మ చెప్పేది. చెప్పేటప్పుడు మాత్రం గొంతు కాస్త పెద్దది చేసేది.

నిజానికి అది దర్జీ పని లాంటిది. పెద్ద కంపెనీలు సీఆర్ఎమ్ అనే సాఫ్ట్‌వేర్ అమ్ముతాయి. సరుకు కొన్నవాళ్లెవరు, ఎప్పుడు ఫోన్ చేశారు, ఏం అడిగారు, వాళ్ల పని అయిందా లేదా, అన్నీ అందులో ఉంటాయి. కానీ అది ఎవరి కొలతలకో కుట్టినది. మా ధర్మపురి మామిడి గుజ్జు వ్యాపారికీ, మోటారుసైకిళ్ల షోరూముకీ ఉన్నదున్నట్టుగా సరిపోదు. కుట్లు విప్పి, కొత్త గడులు చేర్చి, ఇలా జరిగితే అలా చెయ్యి అని నియమాలు రాసి, వాళ్ల ఒంటికి సరిపెట్టేది యోగలక్ష్మి. మోహన్‌రాజ్ అనే ఆయన ఆఫీసులో, రెండు గదుల మేడ మీద, చాలా ఏళ్లుగా అదే పని.

ఒకసారి పశువుల దాణా అమ్మే కంపెనీ ఒకటి వచ్చింది. దాణా కొన్నవాళ్ల పశువుకు జబ్బు చేస్తే, ఫోన్ చేస్తే చాలు, ఇంటికే డాక్టరును పంపుతుంది. వాళ్ల గోల ఒకటే. కంగారులో ఒకే మనిషి మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తాడు, ఒక ఆవు కోసం ఇద్దరు డాక్టర్లు బయలుదేరతారు. యోగలక్ష్మి ఒక నియమం రాసింది. ఒకే నంబరు నుంచి అదే రోజు మళ్లీ ఫోన్ వస్తే మొదటి ఫిర్యాదులోనే కలిపెయ్యాలి. ఫోన్ ఎత్తిన అమ్మాయికి "డాక్టరు బయలుదేరారు" అని తెర మీద కనిపించాలి. అది చక్కగా పనిచేసింది. మోహన్‌రాజ్ ఆఫీసులో మైసూర్‌పాకు పంచాడు.

ఒక నంబరంటే ఒక ఇల్లు అని ఆ నియమం లెక్క. పట్నంలో పుట్టి పెరిగినవాళ్లు అలా అనుకుంటే పోనీలే అనుకోవచ్చు. ఈ నియమం రాసిన మనిషి ఇంటి అరుగు మీద ఏముందో చెబితే మీకూ ఒళ్లు మండుతుంది.

వాళ్ల వీధి గుట్ట వాలులో ఉంది. ఫోన్ సిగ్నల్ నిలిచేది హొన్నమ్మ అరుగు మీదే. అందుకని ఆమె తన ఫోన్‌ను అరుగు గూట్లోనే ఉంచుతుంది. వీధిలో ఆడవాళ్లు ఎవరికి అవసరమైనా వచ్చి తీసుకుంటారు, మాట్లాడతారు, పెట్టేసి పోతారు. అడిగి తీసుకుంటే హొన్నమ్మకు కోపం వస్తుంది. అందరికంటే ఎక్కువగా వచ్చేది మీనాక్షమ్మ. ఫోన్ వంకతో వచ్చి, వక్కాకు నములుతూ దీపాలు పెట్టేదాకా కూర్చుంటుంది. ఇద్దరూ ఒకే ఏడు ఆ వీధికి కోడళ్లుగా వచ్చారు. హొన్నమ్మ భర్త పోయినప్పుడు బలవంతాన ఆమె నోట్లో ముద్ద పెట్టింది మీనాక్షమ్మే.

వానలు పట్టిన రోజుల్లో ఒకనాడు హొన్నమ్మ ఆవుకు పొదుగు వాచింది. ఆమె దాణా కంపెనీకి ఫోన్ చేసి, ఫోన్ గూట్లో పెట్టి, కొట్టంలోకి పోయింది. కాసేపటికి మీనాక్షమ్మ పరుగున వచ్చింది. ఆమె ఎర్రావు తడి పచ్చిమేత మేసి కడుపుబ్బి పడిపోయింది. ఆ ఇంట్లో పాలిచ్చేది అదొక్కటే. ఎప్పటిలాగే గూట్లో ఫోన్ తీసి కంపెనీకి చేసింది. అవతలి అమ్మాయి తెర చూసి, డాక్టరు ఇప్పటికే బయలుదేరాడని అరవంలో చెప్పింది. మీనాక్షమ్మ వాగు అవతల ఉన్న తన కొట్టానికి తిరిగి పరుగెత్తింది. లోపలున్న హొన్నమ్మకు ఇదేదీ తెలియదు.

డాక్టరు వచ్చాడు. ఆయన చేతిలో ఉన్నది ఒకే ఫిర్యాదు. పొదుగుకు మందు రాసి, సూది వేసి, వెళ్లిపోయాడు. మోటారుసైకిలు వచ్చిన చప్పుడు మీనాక్షమ్మ విన్నది. ఆవు తల ఒళ్లో పెట్టుకుని ఎదురుచూసింది. బండి తిరిగిపోయిన చప్పుడు కూడా విన్నది.

ఎర్రావు చచ్చిపోయింది. మీనాక్షమ్మ వచ్చి హొన్నమ్మ వాకిట్లో నిలబడింది.

"నీ గూట్లో ఫోనుతోనే నేనూ కంపెనీకి చేసినాను, డాక్టరు బయలుదేరినాడన్నారు. నీ బిడ్డ ఆ కంపెనీ పని చేస్తుందని డాక్టరును నీ ఇంట్లోనే పెట్టుకుని పంపించేసినావు గదా హొన్నక్కా. నా ఆవు నన్ను చూస్తా చూస్తా పోయింది. నీ ఇంట్లో చెంబుడు పాలు నిలవకుండా పోనీ."

"నాకు తెలీదు మీనాక్షీ" అని ఒక్కసారి అన్నది హొన్నమ్మ. ఆమె మాట ఎవరికీ వినిపించలేదు.

సాయంత్రం బస్సు దిగి వచ్చిన కూతురికి జరిగిందంతా చెప్పింది. యోగలక్ష్మికి కంప్యూటరు తెరవాల్సిన పని లేకపోయింది. ఒక చెప్పు విప్పి, రెండోది కాలికి ఉండగానే తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఇది నేను చేసిన పని."

ఎలాగో తల్లికి అర్థమయ్యేలా చెప్పింది. హొన్నమ్మ గూట్లోని ఫోన్ తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది.

"ఆమెకు చెప్పొద్దు మా. నన్ను తిట్టింది, తిట్టనీ. నిన్ను తిడితే నేను ఓర్చుకోలేను."

తెల్లారి యోగలక్ష్మి తల్లి మాట కాదని పోయింది. మీనాక్షమ్మ ఖాళీ కట్టుగొయ్య దగ్గర కూర్చుని ఉంది. చెప్పిందంతా విన్నది.

"అయితే అది ఫోనుని చూస్తుందా? మనిషిని చూడదా?"

"చూడదు చిన్నమ్మా. చూడమని నేను చెప్పలేదు."

మీనాక్షమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"నీ మీద కోపం లేదు మా. నువ్వు ఎరిగి చేసినావా? నేను హొన్నక్కను ఎంత మాట అనేసినాను. పాలు నిలవకూడదని ఆ వాకిట్లో నిలబడి అన్నాను. ఇంక ఏ మొగం పెట్టుకుని ఆ అరుగు ఎక్కేది?"

పొదుగు నయమయ్యాక హొన్నమ్మ చెంబుడు పాలు తానే తీసుకుపోయి ఇచ్చింది. మీనాక్షమ్మ తీసుకున్నది. కళ్లు మాత్రం ఎత్తలేదు. చెంబు కడిగి, ఎదురింటి కలైవాణి చేత తిప్పి పంపింది. తాను రాలేదు.

యోగలక్ష్మి నియమం మార్చింది. "ఎవరింటి పశువు?" అని కొత్త గడి చేర్చింది. అది నింపితేగాని ఫిర్యాదు ముందుకు కదలదు. ఇప్పుడు కడత్తూరులోనైనా, పాపిరెడ్డిపట్టిలోనైనా ఒకే ఫోన్ నుంచి ఇద్దరు పిలిస్తే ఇద్దరిళ్లకూ డాక్టరు వెళ్తున్నాడు. మోహన్‌రాజ్ మళ్లీ మైసూర్‌పాకు తెచ్చాడు. యోగలక్ష్మి తన ముక్క ముట్టలేదు. ఏరియూరులోని ఆ వీధికి ఆ గడితో అవసరం లేదు. హొన్నమ్మ నంబరు నుంచి హొన్నమ్మ ఒక్కతే పిలుస్తుంది. మీనాక్షమ్మ మాట్లాడనప్పుడు మేమెందుకు అని మిగతావాళ్లూ రావడం తగ్గించారు.

మీనాక్షమ్మకు ఆమె భర్త వీరప్ప చిన్న ఫోన్ ఒకటి కొనిచ్చాడు. వాళ్లింట్లో సిగ్నల్ అందదు. ఆమె ఊరి బయట కల్వర్టు దాకా నడిచి వచ్చి, ఎండలో నిలబడి, "వినపడతా ఉందా" అని అరుస్తూ మాట్లాడుతుంది. యోగలక్ష్మి సెలవు రోజుల్లో అరుగు మీద నుంచి ఆమెను చూస్తుంది. కల్వర్టు దగ్గర నుంచి అరుగు బాగానే కనబడుతుంది. మీనాక్షమ్మ మాత్రం ఇటు వీపు పెట్టి నిలబడుతుంది.

హొన్నమ్మ ఇప్పటికీ ఫోన్ గూట్లోనే పెడుతుంది. పక్కన ఇద్దరికి సరిపడా వక్కాకు కూడా.