నాగన్న చెప్పిన ఈచ్ వే లెక్క

గద్వాల హైస్కూల్లో ఇరవై తొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పి పోయిన ఏడాది రిటైరయ్యాను. ప్లస్ వేయాల్సిన చోట మైనస్ వేసినందుకు ఎంతమందిని బెంచీ ఎక్కించానో నాకే గుర్తు లేదు. వాళ్ళలో ఎవరైనా ఇది చదివితే హాయిగా నవ్వుకోవచ్చు. అదే తప్పు నేనూ చేశాను. అదీ ఒకరి కొంప మునిగేంత లెక్కలో. దాన్ని దిద్దింది మా పక్కింటి నాగన్న. ఆయన చదివింది ఏడో తరగతి.

నాగన్నకు అరవై దగ్గర పడ్డాయి. ఆయనా, భార్య శారదమ్మా ఒకే గుంత మగ్గం మీద పక్కపక్కన కూర్చుని చీరలు నేస్తారు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట ఇద్దరి చేతులు ఆడితేనే పని సాగుతుంది. ఇప్పుడు నేసే మగ్గం సావుకారిది. ఒకప్పుడు సొంత మగ్గాలు రెండు ఉండేవి. అవి ఎలా పోయాయో వీధిలో అందరికీ తెలుసు కానీ ఆయన ముందు ఎవరూ అనరు.

వయసులో ఉన్నప్పుడు నాగన్న హైదరాబాదు పోయి, మలక్‌పేట గుర్రప్పందేల దగ్గర ఒక బుకీకి పుస్తకం రాసే పనిలో కుదిరాడు. ఎవరు ఏ గుర్రం మీద ఎంత కట్టారో బుకీ గడగడా చెప్తూ పోతుంటే ఈయన పక్కన నిలబడి రాయాలి. పందెం ముగిసిన నిమిషానికల్లా ఎవరికెంత ఇవ్వాలో చెప్పాలి. కాగితం చూడకుండా చెప్పేవాడట. పన్నెండేళ్ళు ఆ పని చేశాడు. మధ్యలో తానూ కట్టడం మొదలుపెట్టాడు. ఆఖరికి ఒక గుడ్డ సంచీతో గద్వాల బస్టాండులో దిగాడు.

శారదమ్మ ఒక షరతు మీద ఇంట్లోకి రానిచ్చింది. పందెం ఆడనని ఒట్టు వేస్తే చాలదు, పందెం లెక్క కూడా నోట రాకూడదు. ఇది నాకు మొదట్లో అన్యాయంగా తోచింది. లెక్క ఏం పాపం చేసిందని ఒకసారి అడిగేశాను కూడా.

"లెక్క జెప్పేటప్పుడు ఆయన కండ్లు సూసినవా టీచరమ్మా? నువ్వు సూడలే. నేను సూసిన," అంది శారదమ్మ.

పంతొమ్మిదేళ్ళు నాగన్న ఆ మాట మీద నిలబడ్డాడు. క్రికెట్ రోజుల్లో ఎవరైనా వచ్చి పందెం లెక్క చెప్పమని బతిమాలినా "నాకు తెల్వదు పోండ్రి" అని మగ్గం గుంతలోకి దిగేవాడు. అలాంటి మనిషి నోరు తెరిపించిన ఘనత నాది.

ఈ ఫిబ్రవరిలో హన్మంతు మా ఇంటికి వచ్చాడు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. గద్వాల పక్కన ఊళ్ళో రెండెకరాల్లో సీడు పత్తి, అది తీశాక పల్లి వేస్తాడు. భార్యకు చీర కొనమంటే సవాలక్ష సాకులు చెప్పే మనిషి, ఎడ్లకు మాత్రం ఉలవలకు లోటు రానివ్వడు. ఖిల్లా ఘణపూర్ దగ్గర ఒక జాతరలో బండలాగుడు పోటీ ఉందనీ, తన జత దిగుతోందనీ చెప్పాడు. ఇరవై నిమిషాల్లో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే దానిదే మొదటి స్థానం. పది జతలు వస్తున్నాయి. పోటీ పక్కన చాటుగా పందేలూ ఉన్నాయి. వాటిని నడిపే ఆసామి గుర్రప్పందేల్లో లాగా ఈచ్ వే కూడా కట్టించుకుంటున్నాడట.

"నలభై వేలు తెచ్చిన టీచర్. బోరు మోటారు కాలిపోయింది, కొత్తది కొందామని తీసిన. పల్లి చేను ఎండుతుంది. గని ఎడ్ల మీద జర పెడితె మోటారు ఊరికెనే వస్తది గద! నష్టం లేదంటుండ్రు. మొదలు రాకున్నా, మూడుల ఏది వచ్చినా పైసలొస్తయంట. జర లెక్క సూసి చెప్పుండ్రి," అని చీటీ ఒకటి చేతిలో పెట్టాడు.

ముందు తిట్టాను. తర్వాత కళ్ళజోడు తీశాను. లెక్క కనబడితే చేయకుండా ఉండలేకపోవడం నా జబ్బు. చీటీలో ఉన్నది ఇంతే: ఈచ్ వే ఇరవై వేలు, రేటు ఒకటికి రెండు, ప్లేసు ఐదో వంతు, మూడో నంబరు దాకా. ఇరవై వేలు గెలుపు మీద, ఇరవై వేలు ప్లేసు మీద, అంటే మొదటి మూడింట్లో ఏదో ఒకటి రావడం మీద, వెరసి నలభై అని హన్మంతే చెప్పాడు. ఆ ఐదో వంతు ఆసామి పట్టుకునే కమీషన్ అని నేను అనుకున్నాను. రెండో స్థానం వస్తే ప్లేసు మీది ఇరవై వేలకు నలభై వేల లాభం. అందులో ఐదో వంతు, అంటే ఎనిమిది వేలు తీసేస్తే ముప్పై రెండు. కట్టిన ఇరవై కలిపితే యాభై రెండు. పెట్టింది నలభై కాబట్టి పన్నెండు వేలు మిగులు.

"అంటే మూడుల ఏది వచ్చినా మనకు లాభమే గద టీచర్?"

"లెక్క ప్రకారం అంతే," అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో గుచ్చుకుంటుంది.

హన్మంతు వెళ్ళాక ఊరుకున్నానా? పిట్టగోడ మీది నుంచి నాగన్నకు ఈ లెక్క గొప్పగా చెప్పాను. ఏడో తరగతి మనిషి ముందు నా తెలివి చూపించుకోవాలని ఉంటుంది కదా. ఆయన మొహం మారింది. కాసేపటికి మా వసారాలోకి వచ్చి నిలబడ్డాడు.

"చాక్‌పీసు ఉందా టీచరమ్మా?"

ఇచ్చాను. గచ్చు మీద కూర్చున్నాడు.

"ఈచ్ వే అంటె ఒక పందెం గాదు, రెండు. ఒకటి గెలుపు మీద, ఒకటి ప్లేసు మీద. మొదలొస్తె రెండూ పండుతయ్. రెండో మూడో వస్తె గెలుపు మీది ఇరవై వేలు పాయె, దాన్ని మర్సిపోవాలె. ప్లేసుది ఒక్కటే మిగుల్తది."

"ఐదో వంతు కమీషన్ కాదా మరి?"

"కాదమ్మా. ప్లేసుకు రేటే ఐదో వంతు. ఒకటికి రెండుల ఐదో వంతు అంటె రూపాయికి నలభై పైసలు. ఇరవై వేలకు ఎనిమిది వేలు. కట్టిన ఇరవై వాపసు. మొత్తం చేతికొచ్చేది ఇరవై ఎనిమిది. పెట్టింది నలభై."

పన్నెండు వేలు నాకూ వచ్చాయి, ఆయనకూ వచ్చాయి. నాకు లాభం, ఆయనకు నష్టం.

"మరి ఇది ఎప్పుడు గిట్టుబాటు?" అని అడిగాను. అడక్కపోతే బాగుండేది.

"రేటు ఒకటికి ఐదు ఉండాలె. అప్పుడు ప్లేసు వస్తె పెట్టిన నలభైకి నలభై వాపసు. పది ఉందనుకో, ప్లేసు రేటు రెండు. అరవై వేలొస్తయ్, ఇరవై మిగులు. ఐదుకు తక్కువున్నదానికి ఈచ్ వే కట్టినోడు, ప్లేసు వస్తె ఎగుర్తడు గని జేబు సూసుకోడు. గదే గుర్రాలు పన్నెండున్నయనుకో, నాలుగో వంతు ఇస్తరనుకో..."

గచ్చు మీద అంకెలు పరుగెడుతున్నాయి. ఆయన వయసు ఇరవై ఏళ్ళు తగ్గింది. కళ్ళు మెరుస్తున్నాయి, ఊపిరి వేగంగా వస్తోంది. శారదమ్మ ఏమి చూసిందో నాకు అప్పుడు అర్థమైంది. భయం వేసింది.

తల ఎత్తితే గుమ్మంలో శారదమ్మే ఉంది, చేతిలో నూలు కండెతో. గచ్చు మీది అంకెలు చూసింది, ఆయన మొహం చూసింది, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. ఆ పూట నుంచి మొగుడితో మాట్లాడటం మానేసింది.

మర్నాడు పొద్దున్నే నేను ఫోన్ చేస్తే హన్మంతు వచ్చాడు. తప్పు నాదని చెప్పి, లెక్క మళ్ళీ చేసి చూపించాను. వాడు నమ్మలేదు.

"నిన్న గట్ల జెప్తిరి, ఇయాల గిట్ల జెప్తరు. ఏది నమ్మాలె టీచర్? మా ఎడ్లు గెలవయని ఎవరన్న చెప్పిండ్రా మీకు?"

ఇక చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. నేను పిట్టగోడ దగ్గరికి వెళ్ళాను కానీ పిలవడానికి నోరు రాలేదు. మాటలన్నీ నాగన్నకు వినబడే ఉన్నాయి. మగ్గం మీద అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆయన చేతిలో ఆగింది.

"ఒక్కసారి చెప్పొస్త. ఆని మోటారు పైసలవి," అన్నాడు పక్కనున్న భార్యతో.

శారదమ్మ తెగిన పోగును ముడి వేస్తూ ఉండిపోయింది. "నాకు తెల్వదు" అని ఊరుకుంటే ఇల్లు సర్దుకునేది. పంతొమ్మిదేళ్ళుగా అలాగే సర్దుకుంది. కానీ ఆయన లేచి వచ్చాడు.

హన్మంతుకు అంతా విడమరిచి చెప్పాడు. "మొదలొస్తె ఎనభై ఎనిమిది వేలు చేతికొస్తయ్. నలభై ఎనిమిది లాభం, అబద్ధం జెప్ప. రెండో మూడో వస్తె పన్నెండు పోతయ్. ఆ కింద వస్తె నలభై పోతయ్. నష్టం లేదన్నది ఒక్కటే అబద్ధం. ఎడ్లు గెలుస్తయో లేదో నాకు తెల్వదు కొడుకా. ఇగ నీ ఇష్టం."

హన్మంతు చీటీని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఆ సాయంత్రానికి మోటారు కొని ఆటోలో వేసుకుని పోయాడు.

వారం తర్వాత పోటీ జరిగింది. హన్మంతు ఎడ్లు మొదటి స్థానం కొట్టాయి. రెండో జత కంటే నూట ఇరవై అడుగులు ఎక్కువ లాగాయట.

మర్నాడు వాడు నాగన్న గుమ్మం ముందు నిలబడి వీధంతా వినేలా అరిచాడు. నెత్తి మీద గులాల్ ఇంకా పోలేదు.

"గెల్సినయ్ కాకా! నా ఎడ్లు గెల్సినయ్! బహుమతి పైసలు లారీ కిరాయికి, మనుషులకే అయిపాయె. నీ మాట ఇనకుంటె నలభై ఎనిమిది వేలు నా జేబుల ఉంటుండె. ఉంటుండెనా, లేదా? చెప్పు!"

నాగన్న మగ్గం దగ్గరి నుంచి లేచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఉంటుండె. నలభై ఎనిమిది. లెక్క సరిపోయింది," అన్నాడు.

"మల్ల ఎందుకు చెడగొట్టినవ్? నీకు కలిసి రాలేదని ఇంకొకనికి రావొద్దా?"

నాగన్న తల వంచుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయి పిట్టగోడ మీది నుంచే అరిచాను. "ఒరే హన్మంతూ, తప్పు లెక్క చెప్పింది నేను. అనేదేదో నన్ను అను!" వాడు నా వైపు చూడను కూడా లేదు. వీధిలో జనం గుమిగూడారు. నాగన్న ఒక్క మాట కూడా తిరిగి అనకపోవడం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు శారదమ్మ బయటికి వచ్చింది. మొగుడిని దాటి హన్మంతు ఎదురుగా నిలబడింది.

"ఆయన కట్టిన మొదటి గుర్రం గుడ గెల్సింది, హన్మంతు. ఐదు వందల ఈచ్ వే. ఒకటికి పన్నెండు. ఎనిమిది వేల రెండు వందలొచ్చినయ్. కలర్ టీవీ పట్టుకొని బస్సు దిగిండు. వాడకట్టంత మా ఇంట్ల కూసుండి సూసిండ్రు. నేను ఎంత మురిసిన్నో నీకు తెల్వదు. ఆ రాత్రి ఆయన ఇగ ఆడనన్నడు. సరదాకు ఒక్కసారి ఆడిన, సాలన్నడు."

ఆమె వీధిలో జనం వైపు తిరిగింది.

"నేనే అన్న, గింత సులువుగ వస్తుంటె ఎందుకు ఇడుస్తవని. కమ్మలు గావాలన్న. నేనే తోలిన ఆయన్ని. ఆ కమ్మలు వచ్చినయ్. అవి పోయినయ్, టీవీ పోయింది, రెండు మగ్గాలు పోయినయ్. అందరు ఆయన్ని తిట్టిండ్రు. నేను గుడ తిట్టిన. ఒక్క దినం గుడ ఆయన నా పేరు ఎత్తలే."

నేను నాగన్న వైపు చూశాను. పక్కింట్లో ఉంటూ ఇన్నేళ్ళు ఆయన ముందు నేను ఎంత పెద్దరికం ఒలకబోశానో తలచుకుంటే సిగ్గేసింది. ఆయన అరుగు మీద ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

హన్మంతు వచ్చి నాగన్న పక్కన అరుగు మీద కూలబడ్డాడు.

"మోటారు నడుస్తుందా?" అని అడిగింది శారదమ్మ.

"నడుస్తుంది చిన్నమ్మా. నిన్న రెండు మళ్ళు తడిసినయ్."

ఆమె మొగుడి వైపు తిరిగింది. పది రోజులుగా ఒకే మగ్గం మీద, మోచెయ్యికి మోచెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చుని ఒక్క మాటైనా అనని మనిషి, ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంకెవలన్న వచ్చి అడిగితె చెప్పు," అంది. "గని నన్ను గుడ పక్కన కూసోబెట్టుకొని చెప్పు."