కోడి తిన్న వరుస

మొన్న మా వీధిలోని రిటైర్డు ఇంజనీరు ఫోనులో ఒక వీడియో చూపించాడు. బైబిలంతా నకలుకు నకలేనని, అసలు ప్రతి ఎక్కడా లేదు కాబట్టి నమ్మడానికి లేదని ఒకాయన చేతులూపుతూ చెబుతున్నాడు. నేను వాదించలేదు. లోపలికి వెళ్లి, ఎర్రగుడ్డ అట్ట వేసిన నోటుపుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

అది మా మేనమామ చేతిరాత. ఆయన పోయాక నా దగ్గరికి చేరింది. యాడికి దగ్గర పల్లె ఆయనది. వానలున్న ఏడాది వేరుశనగ చేలల్లో కూలి, లేని ఏడాది రాత. అంటే డెబ్భైల్లో రాతకు బాగానే తీరిక దొరికింది. ప్రార్థన మందిరంలో ఉన్న ఒక్క పాత బైబిలుకూ చెదలు పట్టాయి. అది పోకముందే అందులోని ఒక సువార్తను మామ, చత్వారం వచ్చినవాళ్లకూ కనబడేంత పెద్ద అక్షరాల్లో దింపుకున్నాడు. కళ్యాణదుర్గం నుంచి వచ్చి ఆయన బావమరిది ఒకటి, పక్కపల్లె సంఘపెద్ద ఒకటి, అదే పుస్తకం చూసి ఎవరికి వారు రాసుకున్నారు. తర్వాత అసలు పుస్తకం పొడైపోయింది.

నేనప్పుడు అనంతపురంలో ఒక దినపత్రికలో కొత్తగా చేరి, లోకంలోని రాతలన్నింటిలో తప్పులు పట్టే హక్కు వచ్చేసిందనుకుంటున్న రోజులు. ఒక మధ్యాహ్నం సంగటి తింటూ, "అసలు పుస్తకమే లేకపోతే నకలు సరిగ్గా ఉండాదని ఎట్ల చెప్తావు మామా?" అన్నాను.

"మొన్న మీ పేపర్లో మా ఊర్లో వాన పడిందని ఏసినారే, యాడ పడిందప్పా?" అంది అత్త.

మామ నవ్వలేదు. "ఆ రెండు పుస్తకాలూ తెప్పిస్తా, నువ్వే చూడు. నాది తప్పని తేలితే ఇంక దీన్ని మందిరంలో చదవను" అన్నాడు. ఆ పుస్తకం ఆయన చదవగా వినడానికే మైళ్లు నడిచి వచ్చే ముసలివాళ్లుండేవారు.

పుస్తకాలు వచ్చాక, ప్రూఫులు దిద్దినట్టే కూర్చున్నాం. మామ తనది పైకి చదివాడు, మిగతా రెండూ నా ఒళ్లో. రెండోరోజు దొరికింది. మామ పుస్తకంలో ఒక వరుస మొత్తం లేదు. మిగతా రెండింట్లో ఉంది. మామ పుస్తకం మూసేశాడు.

పొయ్యి దగ్గర్నుంచి అత్త, "అది కోడి పని!" అంది. రాసినంతవరకు గుర్తుగా మామ తెరిచిన బైబిల్లో ఆ వరుస మీద వేరుశనగ గింజ పెట్టి లేచేవాడట. "నువ్వు నీళ్లు తాగను లేస్తివి, గింజను కోడి తినిపాయ. యాడిదాకా రాసినానే అని నన్నడిగితివి. నాకు సదువొస్తాదా?"

మూసిన పుస్తకాన్ని నేనే తెరిచాను. పక్కపల్లె ప్రతిలో వేరేచోట ఒక మాట రెండుసార్లు పడింది. కళ్యాణదుర్గం ప్రతిలో ఇంకెక్కడో ఒక పేరు జారింది. ముగ్గురూ కలిసి ఒకేచోట తప్పింది మాత్రం లేదు. "ఒకరి తప్పును ఇద్దరు పట్టిస్తాండారు మామా. చెదలు తిన్నదాంట్లో ఏముండెనో మనకిప్పుడు తెలుసు" అన్నాను. నేను ఓడిపోయానని చెప్పడానికి అంతకంటే మర్యాదైన దారి తోచలేదు.

ఆదివారం మామ ఆ వరుసను అంచున ఎర్రసిరాతో రాసుకుని మందిరంలో నిలబడ్డాడు. "ఈడ నేనొక వరుస తప్పినా. కోడి తినింది. ఇప్పుడు చదువుతా, వినండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఎప్పటికంటే శ్రద్ధగా విన్నారు.

బైబిలు మొదట రాసినవాళ్లు చెప్పింది జరిగిందా అన్నది వేరే ప్రశ్న. దానికి విలేకరిగా వేరే సాక్ష్యాలు అడుగుతాను. కానీ రాసింది మనదాకా చేరిందా అంటే, పాతకాలపు చేతిరాత ప్రతులు ఇన్ని వేలు పక్కపక్కన పెట్టి చూసుకునే వీలున్నాక, చాలావరకు చేరిందనే చెబుతాను. ఇదంతా విన్నాక ఇంజనీరు ఆ ఎర్రసిరా వరుస మీద వేలుపెట్టి పైకి చదివాడు. కాలమూ ఆ కోడిలాంటిదే, గుర్తుకని మనం పెట్టుకున్న గింజను తినేసి పోతుంది. ముగ్గురి పుస్తకాల్లోనూ ఒకేచోట మేయడం మాత్రం దానికి చేతకాలేదు.