జరిమానాకి బేరం

జనరల్ టికెట్‌తో స్లీపర్‌లో కూర్చుని టాటానగర్ దాకా దర్జాగా వచ్చిన ఘనుణ్ణి నేను. దిగేముందు టీటీఈ పట్టుకుని జరిమానా అనగానే జైలే అనుకున్నాను. దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి కదా, రసీదు లేకుండా సగానికి బేరం కుదుర్చుకుందామని జేబులో నోట్లు మడిచాను.

పక్క సీటు పెద్దాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"జుర్మానాకి బేరమేటి, బాబూ? కట్టేత్తే అక్కడితో సరి, కేసూ లేదు, జైలూ లేదు. లంచం ఇచ్చినావనుకో, అది నేరం. కోర్టుకెక్కిత్తారు. రసీదు తీసుకో."

"నా దగ్గర వందే ఉంది," అన్నాను మెల్లగా.

ఆయన నవ్వి, తక్కువైనది తన సంచిలోంచి తీసి ఇచ్చారు. పేరు అడిగేలోగా ప్లాట్‌ఫారం జనంలో కలిసిపోయారు.

ఆ రోజుల్లో ఛార్జీ తేడా అరవై, జరిమానా అరవై. మొత్తం నూట ఇరవై. అందులో నాది వందే.