వెల్డింగు అద్దంలోంచి పెద్దనాన్న బాప్తిస్మం

ఆ రోజుల్లో నాకు ఏ వస్తువు కనిపించినా, అది కెమెరాకు ఎలా పనికొస్తుందా అన్న ఆలోచనే వచ్చేది. అల్లూరులో ఒక రొయ్యల మేత కొట్లో పని చేసేవాణ్ణి. చేతిలో ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా. దానికి కావలసిన సరంజామా కొనే స్తోమత లేదు కాబట్టి (ఉన్నా కొనేవాణ్ణి కాదేమో, సొంతంగా చేసుకోవడంలో ఉండే గర్వం అలాంటిది) అన్నీ నేనే తయారు చేసుకునేవాణ్ణి. పీవీసీ పైపుల్లో ఇసుక నింపి స్టాండు చేశాను. లెన్సు తిరగేసి బిగించి చీమల మీసాలు ఫోటో తీశాను. ఫ్లాషు వెలుగు మెత్తగా పడాలని దాని ముందు ఖాళీ మేత సంచి కట్టి ఒక స్నేహితుడి పెళ్ళికి వెళ్తే, పెళ్ళికొడుకు బుగ్గ మీద సంచి మీది అక్షరాల నీడ పడింది. వాడు ఇప్పటికీ నాతో మాట్లాడతాడు గానీ ఫోటోల మాట ఎత్తడు.

అలాంటి నాకు ఇంటర్నెట్‌లో ఒక చిట్కా దొరికింది. లెన్సు ముందు బాగా నల్లటి అద్దం పెట్టి, అర నిమిషం పాటు షట్టర్ తెరిచి ఉంచితే సముద్రంలో అలలన్నీ కలిసిపోయి పాలు పోసినట్టు కనిపిస్తాయట. ఆ అద్దం చాలా ఖరీదు. అయితే వెల్డింగు చేసేవాళ్ళు మొహానికి అడ్డం పెట్టుకునే అద్దం కూడా పనికొస్తుందట. వెంటనే మా వీధి చివర వెల్డింగు అన్న దగ్గరికి పరిగెత్తాను. ‘‘ఏం చేస్తావురా దీంతో?’’ అన్నాడు. ‘‘అన్నా, సముద్రాన్ని పాలు చేస్తాను’’ అన్నాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, ‘‘తీసకపో, ముందు నీళ్ళు తాగు’’ అని అద్దం చేతిలో పెట్టాడు. దాన్ని రబ్బరు బ్యాండ్లతో లెన్సుకు కట్టేశాను. ఇక సరైన సందర్భం ఒకటి రావాలి.

వచ్చింది. మా పెద్దమ్మ (అమ్మకు అక్క) భర్త, అంటే మా పెద్దనాన్న, బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. ఇది చిన్న వార్త కాదు. పెళ్ళైన నాటి నుంచి ప్రతి ఆదివారం పెద్దమ్మను బండి మీద తెచ్చి చర్చి గేటు దగ్గర దించి, ఆరాధన అయ్యేదాకా బయట బండి మీదే కూర్చునే మనిషి ఆయన. లోపలికి రమ్మంటే ‘‘రొయ్యల గుంటలో గాలి కొట్టే ఏరేటర్ ఆగిపోయిందని ఫోన్ వస్తే ఎవురు పోతారు?’’ అనేవాడు. చర్చి లోపల ఫోన్ మోగదని ఆయన నమ్మకం. అట్లాంటివాడు ఒకనాడు అన్నం తింటూ తింటూ ‘‘సరే, మునుగుతాలే’’ అన్నాడట. పెద్దమ్మ చేతిలో గరిటె కింద పడిందట.

ఆమె నాకు కబురంపింది. ‘‘అబ్బయా, ఫోటో నువ్వే తీయాల. ఈయన సంగతి నీకు తెలవదు. రేపు నేనెప్పుడు మునిగినానంటాడు. గోడకి ఫోటో ఉంటే నోరెత్తడు.’’ చర్చి అయ్యగారు సర్టిఫికెట్ ఇస్తారు గదా పెద్దమ్మా అన్నాను. ‘‘కాయితం ఎవురైనా రాస్తారు. నాకు ఆయన నీళ్ళలోంచి లేచేది కనపడాల’’ అంది.

ఆదివారం పొద్దున సముద్రం ఒడ్డుకు చేరాం. ఫోన్లు పట్టుకుని నీళ్ళలోకి దిగబోయిన చుట్టాలను పెద్దమ్మే వెనక్కి తరిమింది. ‘‘మా వాడు తీస్తా ఉండాడు. మీరు అడ్డం రాబాకండి!’’ అయ్యగారు, పెద్దనాన్న నడుము లోతు నీళ్ళలో నిలబడ్డారు. నేను పైపు స్టాండు ఇసుకలో గుచ్చి, అద్దం సరిచేసి, ప్రార్థన మొదలవగానే నొక్కాను. ముప్పై సెకన్లు. ఆ ముప్పైలోనే ఆయన మునిగాడు, లేచాడు, దగ్గాడు, అందరూ హల్లెలూయా అన్నారు. ఇంకొకటి తీద్దామంటే కెమెరా కదల్లేదు. అరనిమిషం ఫోటో తీశాక దాన్ని శుభ్రం చేసుకోవడానికి అది ఇంకో అరనిమిషం తీసుకుంటుందని నాకు ఆ క్షణందాకా తెలియదు. అది తేరుకునేసరికి పెద్దనాన్న ఒడ్డున తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు.

సాయంత్రం కంప్యూటర్లో ఫోటో తెరిచాను. సముద్రం నిజంగానే పాలలాగా ఉంది, కాకపోతే వెల్డింగు అద్దం పుణ్యమా అని పచ్చటి పాలు. మధ్యలో వల కట్టే గుంజ ఒకటి, దానికి కొట్టిన మేకుతో సహా స్పష్టంగా ఉంది. దాని పక్కన పొగలాంటి మరక. మనుషులు లేరు. కదిలేవాళ్ళు ఈ పద్ధతిలో మాయమవుతారు (అలలూ అందుకే మాయమవుతాయి, ఈ ముక్క నాకు ముందే తెలుసు, మనుషులకు కూడా వర్తిస్తుందని తట్టలేదు).

పెద్దమ్మ చాలాసేపు చూసింది. ‘‘ఆయన ఏడిరా?’’ అంది. మరకను చూపించాను. ‘‘అయితే గుంజకా బాప్తిస్మం ఇచ్చింది?’’ అంది. వెనక నుంచి పెద్దనాన్న, ‘‘నేను మునిగినట్టు సాక్ష్యం ఏదమ్మా? చూపించు’’ అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. అయ్యగారికి ఫోన్ చేసి ఇంకొక్కసారి ముంచమని బతిమాలింది. ‘‘ఒకసారి ఇచ్చినాక మళ్ళీ ఇచ్చేది లేదమ్మా. ఫోటో కోసరం అసలే లేదు’’ అన్నారాయన. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. పెద్దనాన్న నవ్వు కూడా ఆగిపోయింది.

వారం తిరక్కుండా ఆయనే నన్ను పిలిచాడు. ‘‘ఊరికే సముద్రం కాడ నిలబడితే తీస్తావా? ఆమె, నేను?’’ తీస్తానన్నాను. అప్పుడైనా ఆ దిక్కుమాలిన అద్దం తీసి పారేయొచ్చు గదా అని మీరడుగుతారు. నేనూ ఇప్పుడు అదే అడుగుతున్నాను. కానీ అప్పుడు నాకు నా చిట్కా తప్పు కాదని రుజువు చేయాలని పట్టుదల. కదలకపోతే స్పష్టంగా పడతారు, గుంజే సాక్ష్యం.

‘‘కళ్ళు ఆర్పొచ్చా?’’ అన్నాడు పెద్దనాన్న. ఆర్పొచ్చన్నాను. ‘‘ఊపిరి?’’ మెల్లిగా పీల్చమన్నాను. నొక్కాను. రెండు సెకన్లయిందో లేదో, ఎవరూ చెప్పకుండానే ఆయన పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాడు. మా వైపు ఆ వయసు వాళ్ళు వీధిలో పక్కపక్కనే నడవరు, ఆయన ముందు, ఆమె నాలుగడుగులు వెనక. ‘‘ఏందయ్యా ఇది, వలలోళ్ళు చూస్తుండారు’’ అని పెద్దమ్మ మెలికలు తిరిగింది. ‘‘పెద్దమ్మా, కదలబాక!’’ అని అరిచాను. ఆమె కదిలింది. నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. ముప్పై సెకన్లూ కదులుతూనే ఉంది.

ఫోటోలో పెద్దనాన్న గుంజను మించి కుదురుగా, చొక్కా గుండీలతో సహా పడ్డాడు. ఆయన చెయ్యి పట్టుకుని పక్కన ఒక పొగ. ఇంకోటి తీద్దామంటే ఆయన అప్పటికే బండి స్టార్ట్ చేశాడు, మేత వేళయిందని. ‘‘చాల్లేరా, ఆయన కనపడతా ఉండాడు గదా’’ అంది పెద్దమ్మ.

ఇప్పుడు నా దగ్గర అసలైన అద్దాలున్నాయి, మంచి స్టాండుంది. అదే ఫోటో ఈ రోజు తీయమంటే కన్ను మూసి తెరిచేలోపు ఇద్దర్నీ స్పష్టంగా తీస్తాను. పెద్దమ్మ సిగ్గుపడటం మొదలయ్యేలోపే పని అయిపోతుంది. అప్పటి నా మీద, ఆ మొండి కుర్రాడి మీద, ఒకప్పుడు నాకు బాగా కోపముండేది, ఎందుకో తగ్గిపోయింది. మొన్న కోట అనే ఊళ్ళో వాళ్ళింటికి వెళ్తే, కొత్తగా వచ్చిన పక్కింటావిడ గోడ మీది ఆ ఫోటో చూసి, ‘‘అన్న పక్కన ఆ పొగేంది అక్కా?’’ అని అడుగుతోంది.

‘‘పొగ గాదమ్మా, నేనే’’ అంది పెద్దమ్మ. ‘‘ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఇంకెట్టా నిలబడేది?’’