పళ్ళమ్మకు మెత్తటి నైవేద్యం

మా అత్తగారి దవడపన్ను పుచ్చిన ఏడాదే క్రైస్తవుల పునీతురాలు ఒకావిడ మా ఇంట్లో కాపురం పెట్టింది. తొంభైల్లో మాట. రాజోలు దగ్గర మా ఊళ్ళో అప్పటికి పళ్ళ డాక్టరు లేడు. ఉన్నా అత్తగారు వెళ్ళేవారు కాదు. పన్ను పీకితే కళ్ళు పోతాయని ఆవిడ గట్టి నమ్మకం. లవంగం దవడన పెట్టుకుని ఇంటిల్లిపాదినీ కసురుతూ ఉండేవారు.

మా ఆడపడుచు కువైట్‌లో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది. తల్లి బాధ విని, అక్కడ పరిచయమైన మలయాళీ నర్సు పంటినొప్పికి మొక్కుకోమని ఇచ్చిన బొమ్మ ఒకటి, సెలవుకొస్తున్న వాళ్ళ చేతికిచ్చి పంపింది. అరచేతంత బొమ్మ. ఎర్రటి అంగీ తొడుక్కున్న పడుచుపిల్ల, తల వెనక వెలుగు, చేతిలో పటకారు. పటకారు కొసన ఒక పన్ను.

"ఇదెవర్తే? కమ్మరోళ్ళ దేవతా?" అన్నారు మావయ్యగారు.

అత్తగారు దాన్ని తీసుకెళ్ళి అంతర్వేది నరసింహస్వామి పటం పక్కన నిలబెట్టారు.

"ఆయన కోరలూ, ఈవిడ పటకారూ. స్వామి కాస్త జాగ్రత్తగా ఉండాలి," అన్నారు మావయ్యగారు.

ఆవిడ కథేమిటో మాకెవరికీ తెలీదు. కాన్వెంటులో పాఠాలు చెప్పే సిస్టరుగారు కొబ్బరికాయల కోసం వస్తే, కూర్చోబెట్టి అడిగాం. ఆ పునీతురాలి పేరు మూడుసార్లు చెప్పారు. అత్తగారికి ఒక్కసారీ నోరు తిరగలేదు. చివరికి పళ్ళమ్మ అని తేల్చేశారు.

ఎప్పుడో ఈజిప్టులో, అలెగ్జాండ్రియా పట్నంలో ఉండేదట. దేవుడికే అంకితమని పెళ్ళి మానేసింది. క్రైస్తవులంటే పడని జనం గుంపుగా వచ్చి, దవడలు పగలగొట్టి పళ్ళన్నీ రాలగొట్టారు. ఊరి బయట మంట వేసి, నీ దేవుణ్ణి తిట్టకపోతే ఇందులో పడేస్తామన్నారు. ఒక్క క్షణం వదలమని అడిగి, వదలగానే తనే మంటలోకి దూకేసిందట.

అత్తగారు చెంప పట్టుకుని, కళ్ళనీళ్ళతో విన్నారు. "అన్ని పళ్ళూనాండీ?"

"ఆయ్, అన్నీ అనే చెబుతారండీ."

"వదిలేరు కదండీ, పారిపోవచ్చు కదా! అంత తెలివిగల పిల్ల!"

"పారిపోతే మీరివాళ మొక్కుతారా అమ్మగారూ?" అన్నారు సిస్టరుగారు.

చిక్కు నైవేద్యం దగ్గర వచ్చింది. మర్నాడు నేను అలవాటుగా కొబ్బరిముక్క పెట్టబోతే అత్తగారు చెయ్యి పట్టుకున్నారు. "పళ్ళు లేని పిల్ల ఏం నములుతుంది అమ్మాయ్? కాస్తయినా జాలుండక్కర్లా?"

అప్పట్నుంచీ అన్నీ మెత్తటివే. రావులపాలెం నుంచి తెచ్చిన చక్కెరకేళీలు బెల్లం వేసి పిసికి పెట్టడం, లేకపోతే పరమాన్నం, సేమ్యా పాయసం. పళ్ళమ్మ ముట్టేది కాదు గనుక, నమల్లేని భక్తురాలే గిన్నె ఖాళీ చేసేవారు. అంత తీపి తగిలాక పుచ్చుపన్ను ఊరుకుంటుందా? నెల తిరక్కుండా చెంప బూరెలా పొంగింది.

"నీ పళ్ళమ్మ పళ్ళు కూడబెడుతోందేమోనే. నీది ఇచ్చేసి రా," అన్నారు మావయ్యగారు.

ఇక తప్పక అమలాపురం బయల్దేరదీశాను. బొమ్మ కొంగున ముడేసుకుని వచ్చారు. డాక్టరుగారు పటకారు తీయగానే నోరు బిగించేశారు. ఎంత బతిమాలినా తెరవలేదు. కాసేపటికి తనే ముడి విప్పి, బొమ్మలో పటకారుని, డాక్టరుగారి చేతిలోదాన్ని మార్చి మార్చి చూశారు.

"ఇదీ అదీ ఒకటేనాండీ?" అన్నారు పళ్ళు బిగించే.

డాక్టరుగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. "మోడలు పాతదండీ. పని మాత్రం అదే."

అత్తగారు నోరు తెరిచారు.

తిరుగు బస్సులో దవడన దూది పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. కళ్ళు బాగానే కనిపిస్తున్నాయా అని అడుగుదామనుకున్నాను గానీ, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను. సగం దారి దాటాక నా చెయ్యి పట్టుకున్నారు.

"నాకు ముందు సూదేసేరు అమ్మాయ్. ఆ పిల్లకి అదీ లేదు."

అని, దూది తడిసిపోయేలా ఏడ్చారు. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "ఏమైందండీ, ఎవరన్నా పోయేరా?" అని అడిగాడు.

"ఆయ్, ఒకమ్మాయండీ. ఎప్పుడో," అన్నాను.