ఖాళీ పొయ్యి వెలిగించమన్న మనిషి

మా పాత ఇంటి ఓనర్ అంకుల్ పోయారని నాకు అడిలైడ్ తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో, డ్యూటీ దిగి కారులో కూర్చుని ఫోన్ తీశాను. ప్రభువునందు నిద్రించారన్న మాట కింద అప్పటికే చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. ఎంత ప్రేమగల మనిషో, ఎంతమందికి అన్నం పెట్టిన చెయ్యో అని ఒకరి తర్వాత ఒకరు రాస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఆయనతో నా పోట్లాట ఇంకా పూర్తి కాలేదు.

ఇలాంటప్పుడు మంచి మాటలే రాయడం మర్యాద అని తెలుసు. రెండేళ్లు ఆయన ఇంట్లో అద్దెకున్నదాన్ని కదా, ఆ మర్యాద నాకు అంతగా ఒంటబట్టలేదు.

నర్సింగ్ చదవడానికి అడిలైడ్ వచ్చినప్పుడు మాసన్ లేక్స్‌లో వాళ్లింటి వెనక గది నాది. ఇంట్లో ఆంటీ, అంకుల్ ఇద్దరే. నరసాపురం దగ్గర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఆయన బస్సు నడిపేవారు, ఇంటిని కూడా అలాగే నడిపేవారు. నేను తోమిన గిన్నె మళ్లీ తోమించేవారు. బట్టలు ఆరేస్తే క్లిప్పు పెట్టిన చోటు తప్పనేవారు. యూనివర్సిటీకి బయల్దేరుతుంటే ఆపి సన్‌స్క్రీన్ రాసుకున్నావా అని అడిగేవారు, రాసుకున్నానంటే నమ్మేవారు కాదు. ఆంటీ పాపం కూర ఎలా ఉందని అడిగితే, "బాగుంటే తింటన్నాను కదా, మళ్లీ చెప్పడం దేనికి" అనేవారు. బాగోకపోతే మాత్రం మొదటి ముద్దకే చెప్పేవారు.

పెరడు చిన్నది, అందులో సగం ఆయన స్మోకరే. పొగ మీద మాంసాన్ని గంటల తరబడి మగ్గబెట్టే ఇనప పొయ్యి. పీపాలాంటి పెద్ద గది, దాని పక్కన నిప్పులకి చిన్న గది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతున్న ఎవరో ముసలాయన దగ్గర పాతది కొన్నారట. లాంగ్ వీకెండ్ వస్తే గొర్రె జబ్బలకి ఉప్పూ కారం, అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి దట్టించి పొద్దున్నే ఎక్కించేవారు, నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. మధ్యాహ్నం మూడింటికి ఎముక పట్టుకు లాగితే ఊడి చేతికి వచ్చేది. ఒక ముక్క అడిగితే రెండు వేసేవారు. ఆ విషయంలో ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నేను ఒక సబ్జెక్టు మొదటిసారి తప్పాను. ఇంట్లో వాళ్లకి తప్ప అది నేను ఇంకెవరికీ చెప్పుకోకముందే ఆదివారం ఆరాధనలో అంకుల్ లేచి ప్రార్థన అంశంగా అందరికీ చెప్పేశారు. ముప్పై మంది కళ్లు మూసుకుని నా ఫెయిల్ గురించి దేవుడికి విన్నవించుకున్నారు. ఆ రోజు నేల చీలితే బాగుండుననిపించింది. అటు ఇంటి దగ్గర అమ్మ, నేను పాసైతే ఫెలోషిప్ వాళ్లందరినీ పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టిస్తానని దేవుడికి ఒప్పుకుంది. మా వాళ్లలో అది మొక్కులాంటిదే. ప్రార్థన చేయించి, కడుపు నిండా భోజనం పెట్టాలి.

మళ్లీ రాసి పాసయ్యాను. ఎవరి కూడికైనా వంట అంకుల్ బిర్యానీయే, అది అలవాటు. నా కూడికకి మాత్రం నా చేతి వంటే ఉండాలని పట్టుపట్టాను. తప్పానని విన్న ముప్పై మందీ నేను వండింది తిని వెళ్లాలి. నాకు కావలసింది అదొక్కటే. పొగ మీద జబ్బలు చేస్తాను, మీ స్మోకర్ ఇవ్వండని అడిగితే ఆయన ఇవ్వనన్నారు. నీ వంటకి నా పొయ్యి ఎందుకు, నీది కొనుక్కుని నేర్చుకో అన్నారు. పోనీ అని దుకాణానికి బయల్దేరితే పిలవకుండానే కారు తాళాలు పట్టుకుని వచ్చారు.

ఆ మధ్యాహ్నం దుకాణంలో ఆయన చేయని హడావుడి లేదు. ప్రతి స్మోకర్నీ కాళ్లు పట్టుకుని ఊపారు. మూత ఒంటిచేత్తో తేలిగ్గా లేచిందంటే ఆ రేకు వేడిని నిలపదన్నారు. మూత మీద బిగించిన థర్మామీటరు అబద్ధాలు చెబుతుందని, మాంసం పక్కన వేరేది పెట్టుకోవాలని అన్నారు. చెక్క గుళికలు దానంతట అదే వేసుకునే కరెంటుది సుఖమే గానీ నీ బడ్జెట్‌కి అందదు, ఉన్నదాంట్లో కావాలంటే చిన్నదైనా గట్టిది తీసుకో, లేదా నాలాగా పాతది వెతుక్కో అని హితబోధ. నేను పెద్దదీ కొత్తదీ, నల్లగా నిగనిగలాడుతున్నదాని దగ్గర ఆగాను.

"ఇది పొయ్యి కాదమ్మాయ్, రేకు డబ్బా. లిడ్ మూసి లోపల ఫోన్ లైటెట్టి చూడు, చుట్టూతా వెలుగొస్తది. వెలుగొచ్చిన చోటల్లా నీ పొగ పోద్ది. డబ్బు తక్కువున్నోళ్లు సైజు తగ్గించుకోవాలి గానీ మందం తగ్గించుకోకూడదు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజమని ఇప్పుడు నాకు తెలుసు. కానీ అదే సమయానికి అటుగా వచ్చిన ఒక తెలుగు కుటుంబాన్ని ఆపి, ఈ అమ్మాయి మొన్న తప్పింది, ఈసారి పాసైంది, అందుకే ఈ కొనడం అని వివరించారు. ఒళ్లు మండిపోయి ఆ రేకు డబ్బానే కొన్నాను.

కూడిక ముందు రోజు దాన్ని బిగించి నిలబెట్టాను. లోపల ఏమీ పెట్టకుండా రెండు మూడు గంటలు బాగా కాల్చమని డబ్బాలో వచ్చిన కాగితం మీద ఉంది. ఫ్యాక్టరీలో పూసిన నూనె కాలిపోవాలని. అంకుల్ కూడా ఖాళీగా వెలిగించమనే చెప్పారు. అమ్మకి ఫోన్‌లో చెబితే గుండె బాదుకుంది. "కొత్త పొయ్యి ఖాళీగా వెలిగిస్తారటే? ఇంటికి అరిష్టం. ప్రార్థన చేసుకుని పాలు పొంగించు." ప్రార్థన, అరిష్టం మా అమ్మ నోట్లో పక్కపక్కనే ఉంటాయి. ఆయన మాట వినకపోవడానికి నాకూ ఒక కారణం దొరికింది. చిన్న గిన్నెలో పాలు పోసి లోపల పెట్టి, కాసిని బొగ్గులు వెలిగించాను.

పొగ పొయ్యి మీద పాలు ఎందుకు పొంగుతాయి? గంట దాటినా మీగడ కట్టి, బూడిద రంగుకి తిరిగి అలాగే కూర్చున్నాయి. పెయింటు వాసన వేస్తున్నాయి. అంకుల్ వచ్చి గిన్నెలోకి తొంగి చూశారు. "ఆ పాలు ఒక్క గుక్క తాగి చూడు. రేపు అందరి నోట్లోనూ అదే ఉంటది" అన్నారు. మీరే తాగండి అంకుల్ అని చెప్పి, గిన్నె తీసుకెళ్లి సింకులో పారబోశాను, పొయ్యిని మళ్లీ గట్టిగా కాల్చలేదు. నా జీవితంలో నేను చేసిన మూర్ఖపు పనుల్లో దాన్ని మించింది లేదు.

మర్నాడు మాంసం చూడ్డానికి చక్కగానే వచ్చింది. సాయంత్రం నాలుగింటికి పాటలు, వాక్యం, ప్రార్థన అయ్యాయి. అమ్మ వీడియో కాల్‌లో ఉంది, ఫోన్ కిటికీకి ఆనించి పెట్టాను. వడ్డించాను. సూపరమ్మా అన్నారు, డిఫరెంట్‌గా ఉంది అన్నారు, రెసిపీ పెట్టు అన్నారు. అంటూనే ముక్కలు అన్నం కిందకి తోసేస్తున్నారు. నా కళ్ల ముందే. నేను రుచి చూశాను, నాలుక మీద యంత్రాల నూనె. ఎవరూ ఏమీ అనకపోతే అలాగే గడిచిపోయేది. అంకుల్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, ప్లేటు కింద పెట్టి లేచి నిలబడ్డారు.

"ఎవరూ తినకండి. మాంసంలోకి ఆయిలు దిగింది, రోగాలొస్తాయ్. గరాజ్‌లో బిర్యానీ ఉంది, పట్రండి."

ముప్పై మందికీ సరిపడా బిర్యానీ. మూత మీద బరువు పెట్టి, దమ్ము చేసి సిద్ధంగా ఉంచారు. అంటే నేను పెరట్లో బొగ్గులు ఊదుకుంటూ ఉండగా గోడకి అవతల ఆయన ఉల్లిపాయలు వేయిస్తున్నారు. నేను పాడుచేస్తానని ముందే అనుకుని వండారా అని అందరి ముందూ అడిగాను.

"అవును" అన్నారు.

కిటికీ దగ్గర ఫోన్‌లో అమ్మ వింటోంది. కూడిక అయ్యింది, మొక్కు తీరింది, అందరూ ఆయన వండింది తిని వెళ్లారు. వారంలో ఆ ఇల్లు ఖాళీ చేశాను. చదువు అయ్యాక పెర్త్‌లో ఉద్యోగం వచ్చింది. అయిదేళ్లలో ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు, క్రిస్మస్‌కి ఆంటీ ఫోన్ చేసినప్పుడు వెనక నుంచి గొంతు వినిపించేది, అంతే.

మొన్న ఆంటీ ఫోన్ చేసి జ్ఞాపకార్థ కూడికకి రమ్మంది. అందరూ ఆయన జబ్బ మాంసమే తలుచుకుంటున్నారు, అదే పెడదాం, నువ్వే వండాలి అంది. నేనే ఎందుకు ఆంటీ అని అడిగాను. "నీ మీద ప్రేమతో కాదమ్మా. అయిదేళ్లు గుమ్మం తొక్కనిదానివి. ఆ పొయ్యి కాలేటప్పుడు పక్కన కూర్చుని చూసింది నువ్వొక్కదానివే." కోపం ఆవిడకీ ఉంది. నాకది నచ్చింది, వెళ్లాను.

ఎండలకి బయట నిప్పు రాజేయకూడదన్న ప్రభుత్వ నిషేధం ఆ రోజు లేదని చూసుకుని పొద్దున్నే ఆయన స్మోకర్ వెలిగించాను. మూత ఎత్తడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. ఒకసారి రాజుకున్నాక అది గంటల తరబడి ఒకే వేడి మీద నిలబడింది, నేను ఊరికే కూర్చున్నాను. ఊరికే కూర్చుని ఆయన్ని తిట్టుకున్నాను కూడా. తప్పానని ఊరంతా చాటినందుకు. ఆ "అవును"కి. మధ్యాహ్నానికి ఎముక లాగితే ఊడి వచ్చింది. దాదాపు అదే ముప్పై మంది, నేను వండింది మొత్తం తిన్నారు. గిన్నెలు ఖాళీ. నేను అప్పుడు కోరుకున్నది సరిగ్గా ఇదే.

చివర్లో నేనూ ఒక ముక్క తిన్నాను. ఉప్పు తక్కువైంది. కొంచెం కాదు, బాగా తక్కువైంది.

ఎలా ఉందని అడుగుతూ అందరి దగ్గరికీ వెళ్లాను. సూపరమ్మా అన్నారు. పర్ఫెక్ట్ అన్నారు. అచ్చం అంకుల్ చేసినట్టే ఉందన్నారు. ఉప్పు సరిపోయిందా అని నోరు తెరిచి అడిగినా సరిపోయిందనే అన్నారు. ఆంటీ కూడా తల ఊపి, బాగుందమ్మా అంది. నేను ఉప్పు గిన్నె చేత్తో పట్టుకుని ఆ పెరట్లో చాలాసేపు నిలబడ్డాను. ఒక్కరూ ఉప్పు అడగలేదు.