కాకి తన్నిన మధ్యాహ్నం

ఆ రోజుల్లో మా సాంచెల షెడ్డులో ఒకరు నవ్వాలంటే ఇంకొకరు ఏడవాల్సిందే. నలభై సాంచెలు (మరమగ్గాలు) ఒక్కసారి మోగుతుంటే పక్కవాడు అరిచినా వినపడదు. కాబట్టి చెప్పుకొని నవ్వుకునే జోకులకు అక్కడ చోటుండేది కాదు. చేసి నవ్వుకునేవే ఉండేవి, అవీ వెనకనుంచి. చొక్కా కొసను మగ్గానికి ముడివేయడం, చెప్పుల్లో గ్రీజు పూయడం, టిఫిన్ డబ్బాలో బల్లిని పెట్టడం (అది ప్లాస్టిక్‌దని వాళ్లంటారు, నేను ఇప్పటికీ ఒప్పుకోను). ఇవన్నీ నా ఒక్కడికే ఎందుకు జరుగుతున్నాయని ఆసామిని, అంటే సాంచెల యజమానిని, మూడుసార్లు అడిగాను. "నువ్వు జల్ది ఉడుకుతవ్ గదరా, గందుకే" అన్నాడు మూడోసారి. నాకిప్పుడు నలభై దగ్గర పడుతోంది. మోకాళ్లు పట్టేశాయి, చెవులు సగం పోయాయి, పొద్దున తిన్నదేమిటో సాయంత్రానికి గుర్తుండదు. ఆ మాట మాత్రం గుర్తుంది.

నన్ను ఏడిపించడంలో పెద్దచేయి ఇద్దరిది. ఒకడు గుండన్న, ఏ మొక్కు తీరకపోయినా ముందుగానే తల గొరిగించుకునేవాడు. రెండోవాడు బీడీ బావ. ఒక రోజు మధ్యాహ్నం షెడ్డు వెనక గోడ నీడలో కూర్చుని జొన్నరొట్టె, పచ్చిపులుసు తింటున్నాను. ఉన్నట్టుండి నెత్తిమీద టపటపమని ఏదో కొట్టి పోయింది. పచ్చిపులుసులో ఒక నల్లటి ఈక పడి తేలింది. ఎదురుగా నిలబడిన బీడీ బావ బీడీ పారేసి (వాడు సగం బీడీ పారేయడం నేను చూడటం అదే మొదలు) "ఓర్నీ! కాకి తన్నింది రా నిన్ను!" అన్నాడు. నేను డబ్బా అక్కడే వదిలి ఇంటికి పరుగెత్తాను. ఒక్కసారి తల పైకెత్తి ఉంటే చాలు. షెడ్డు కప్పుమీద బోర్లా పడుకున్న గుండన్న, వాడి చేతిలోని కట్టె, కట్టెకు కట్టిన చచ్చిన కాకి రెక్క, అన్నీ కనపడేవి. ఎత్తలేదు. ఇరవై రెండేళ్లవాణ్ణి, పైగా నా పెళ్లి మాట నడుస్తోంది. చావడానికి అంతకంటే చెడ్డ సమయం ఉండదనిపించింది.

కాకి నెత్తిన తంతే మనిషికి గండమని మా వైపు నమ్మకం. దానికి విరుగుడు ఒక్కటే. ఆ మనిషి చచ్చిపోయాడని దగ్గరి చుట్టానికి కబురు పంపాలి, ఆ చుట్టం నిజమని నమ్మి మనసారా ఏడవాలి. ఏడ్చిన వెంటనే "అబద్ధం, బతికే ఉన్నడు" అని రెండో కబురు పంపాలి. చావు వచ్చి చూసి, ఇక్కడ ఏడుపు అయిపోయింది కదా అని వెనక్కి పోతుందట. మా అవ్వ (అమ్మను మేమలాగే పిలుస్తాం) నా మాట విని గుండెలు బాదుకుని, ఆ వెంటనే తేరుకుని ఎవరిచేత ఏడిపించాలా అని ఆలోచించింది. ఎక్కువసేపు పట్టలేదు. లక్సెట్టిపేటలో మా మేనత్త ఉంది. బాపుకు అక్క. మా వంశంలో ఏడుపులో ఆమెను మించినవాళ్లు లేరు. ఆమె బిడ్డనే నాకు ఇవ్వాలని మాట నడుస్తున్నది కూడా.

"వద్దే, అక్క గుండె మెత్తనిది" అన్నాడు బాపు.

"మెత్తనిదనే గదా చేసేది! గట్టి గుండెలోళ్లు ఏడుస్తరా?" అంది అవ్వ.

పక్కింటి చర్చి పెద్దమ్మ ఒకప్పుడు మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది. గోడ మీదుగా అంతా వింటూ నిలబడి "కాకిని జేసింది దేవుడే. దానికి మీ పోరని సావుతోటి ఏం పనే?" అంది. ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు. అవ్వ ఫోన్ కలిపి, నా ముఖం చూస్తూనే "వదినే, మన పోరడు మనకు లేడే!" అంది. ఎంత బాగా అందంటే నాకే కళ్లనీళ్లు వచ్చాయి. అవతల అత్త నీళ్ల గోలెం దగ్గర బట్టలు ఉతుకుతోందట. ఒక్క కేక వినిపించింది, ఆ వెంటనే బుడుంగుమని శబ్దం, తరవాత ఏమీ లేదు. ఫోన్ గోలెంలో పడింది. రెండో కబురు అందుకోవడానికి ఆ ఇంట్లో రెండో ఫోన్ లేదు. అవ్వ ఇరవైసార్లు చేసింది, ఇరవైసార్లూ స్విచాఫ్. "జర ఆగుదాం, తీస్తది" అంటూ గండదోషం పోవాలని నాకు పసుపు పూసి తలస్నానం చేయించి, తెల్ల పంచె కట్టబెట్టింది.

ఇక్కడితో ఆగినా బాగుండేది. కబురు పంపిన సంగతి తెలిసి గుండన్న, బీడీ బావ వచ్చి నిజం ఒప్పుకోవాల్సింది పోయి, ఫ్లెక్సీ దుకాణానికి పోయారు. రెండు గంటల్లో మా వాడకట్టు మలుపులో నా శ్రద్ధాంజలి వేలాడింది. ఫొటో ఎవరి పెళ్లిలోదో, నా కళ్లు సగం మూసుకుని ఉన్నాయి, భుజం మీద ఎవరిదో చేయి ఉంది. కింద "నీ తోటి కార్మికులు" అని రాసి ఇద్దరూ తమ ఫొటోలు వేసుకున్నారు (నా దానికంటే పెద్దవి). అది చూసిన ఆసామి సాంచెలు ఆపించి రెండు నిమిషాలు మౌనం పాటించాడట. మూడో నిమిషంలో నా సాంచె మీద ఇంకొకణ్ణి నిలబెట్టాడట.

నాలుగు గంటలకు ఆ మలుపులో ఒక ట్రాలీ ఆటో ఆగింది. పద్నాలుగు మంది. ఫ్లెక్సీ చూడగానే దారి పొడుగునా ఏడ్చి అలిసిన గొంతులు మళ్లీ లేచాయి. "ఓ నా కొడుకో, నన్ను మోసేటోడివి నువ్వే ముంగట పోతివా" అంటూ అత్త అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది. ఆ ఏడుపు విని, ఇంకా ఆపకపోతే పాపమని నేను తలుపు తీసుకుని బయటికి వచ్చాను. ఒంటినిండా పసుపు, తెల్ల పంచె, తడిజుట్టు. "అత్తా, నేను బతికే ఉన్న" అన్నాను. ఆమె నన్ను చూసింది. నోరు తెరిచింది. అలాగే వెనక్కి పడిపోయింది.

ఎవరో చెప్పు విసిరారు నా మీద. (ఎవరో తెలుసు. మా చిన్న మామ.) చర్చి పెద్దమ్మ గోడ దిగి వచ్చి అత్త మణికట్టు పట్టుకుంది. వదిలి మెడ మీద చేయి పెట్టింది. "నాడి దొరుకుతలేదు" అంది. సాంచెల మోతలో పెరిగినవాణ్ణి, అంత నిశ్శబ్దం అంతకుముందు ఎరగను. నా చావుకు వచ్చిన పద్నాలుగు మందిలో ఒకరు నా బదులుగా పోతున్నారని, చావు ఉత్త చేతులతో తిరిగిపోలేదని అనిపించింది. అప్పుడు గుంపు వెనకనుంచి గుండన్న ఏడుస్తూ వచ్చాడు. నిజంగా ఏడుస్తూ. చేతిలో ఆ కట్టె, ఆ రెక్క. "కాకి గాదు! నేనే! నేనే తన్నిన! కాకి ఏం జేయలే!" అని అత్త కాళ్ల దగ్గర కూలబడ్డాడు. చర్చి పెద్దమ్మ వాణ్ణి ఒక్క తోపు తోసి, "ప్రార్థన తర్వాత జేస్త, ముందుగాల జరుగుండ్రి" అని అత్త ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కింది. ఎంతసేపో తెలియదు. అత్త దగ్గింది.

అదే ట్రాలీలో కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయాం. ఎక్కేముందు నా మరదలు ఒక్కతే నా దగ్గరికి వచ్చి, నా ముంజేతిని రెండు వేళ్లతో ముట్టి చూసి "ఎచ్చగనే ఉన్నవ్ బావా" అంది. ఆమె నన్ను ముట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

నాలుగో రోజుకు అత్త లేచి కూర్చుంది. బాపు ఇంకో మాసం ఆగి పెళ్లి మాట కదిపాడు. అత్త నావైపు తిరిగి, కోపం లేకుండా, "గోలెం కాడనే నెత్తిన నీళ్లు పోసుకున్న బిడ్డా. నీ పేరు మీద తానం జేసిన. తానం జేసినంక సుట్టరికం తెగినట్టే. సచ్చినోనికి పిల్లనెట్లియ్యాలె?" అంది. "సావలేదు గద అత్తా" అన్నాను. "నాకు సచ్చినవ్ గదా కొడుకా. నేను సూసిన గద" అంది. ఎంత వాదించినా (నేను రెండేళ్లు వాదించాను) అంతే. మరదలును శ్రీరాంపూర్‌లో గని పనివాడికి ఇచ్చారు. మంచివాడే. అదీ ఒక కష్టమే, ఫిర్యాదుకు తావు లేదు.

మొన్న ఎండాకాలంలో, అన్నం తినే వేళ (ఇప్పుడు నేను కప్పు కిందే తింటాను, ముందు పైకి చూసి) మరదలు ఫోన్ చేసింది. "బావా, అవ్వ పోయింది" అంది. ఇన్నేళ్ల తరవాత నా నోట మొదట వచ్చిన మాట "ఎవరిని తన్నింది కాకి?" అవతల ఏడుస్తూనే చిన్నగా నవ్వింది. "లేదు బావా. నిజంగనే" అంది.

వెళ్లాను. అత్తను మోశాను. గుండన్న కూడా వచ్చి రెండోవైపు భుజం పట్టాడు, ఇప్పుడు వాడి గుండు మొక్కుది కాదు, వయసుది. తిరిగొస్తూ బస్సులో నేనే చెప్పాను వాడికి, నా చావుకు ఏడవగల మనిషి ఒక్కతే ఉండేది, ఆమె ముందుగానే ఏడ్చేసి పోయిందని. "నీకు నేనేడుస్త రా" అన్నాడు వాడు. "నువ్వేడ్సుడు ఏం వద్దుగని," అని జేబులోంచి ఒక ఫొటో తీసి ఇచ్చాను. ఏడేళ్లుగా దాచుకున్నది, కళ్లు రెండూ తెరిచి ఉన్నది, భుజం మీద ఎవడి చేయీ లేనిది. "ఫ్లెక్సీకి గిది పెట్టు. నీది చిన్నగ వేస్కో."